మా పేట మొత్తాన్ని కాదు, ఆ నాలుగు చోట్లను చూడండి

పోలీసు అధికారులకు, పురపాలక అధికారులకు ఒక నివాసి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పోయిన నెల మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే పెద్దావిడ ఇంట్లో దొంగలు పడ్డారు. ఫిర్యాదు రాయించడానికి ఆవిడకు తోడుగా నేను కూడా స్టేషనుకు వెళ్లాను. కాగితం తీసుకున్న ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు, కుర్చీ వేయించారు, మంచినీళ్లు ఇప్పించారు. చిరునామా చెప్పగానే మాత్రం కలం ఆపి, "ఆ పేటలోనా? అక్కడ అంతేనమ్మా" అన్నారు. కోపంగా అనలేదు, జాలిగానే అన్నారు. ఆవిడ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, "నలభై ఏళ్లుగా ఉంటున్నాను. అయితే నేనూ అంతేనా?" అని నన్ను అడిగింది. అది నేను జవాబు చెప్పగలిగిన ప్రశ్న కాదు. అందుకే మీకు రాస్తున్నాను.

మీలో చాలామంది బదిలీ మీద వస్తారు. రెండేళ్లో మూడేళ్లో ఉండి వెళ్లిపోతారు. మా పేట ఎలాంటిదో మీరు కళ్లారా చూసేలోపే ఎవరో ఒకరు మీ చెవిన వేస్తారు. ఆ మాట మీ దగ్గరే ఆగదు. రాత్రిపూట బాడుగ బండ్లు మా మలుపు దగ్గరే ఆగిపోతాయి, లోపలికి రావు. మా పిల్లలు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేటప్పుడు వేరే పేటలో ఉన్న బంధువుల చిరునామా రాస్తున్నారు. ఇరవై ఏళ్ల కుర్రాడు తాను పుట్టి పెరిగిన వీధి పేరు రాయడానికి సిగ్గుపడుతున్నాడంటే, అది మా ఇళ్లలో జరిగిన ఏ దొంగతనం కన్నా చిన్న నష్టం కాదు.

"అక్కడి మనుషులే అంత" అనే మాట ఎంత పాతదో, అది తప్పని తేలిన సంగతీ దాదాపు అంత పాతదే. అమెరికాలోని షికాగో నగరంలో క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే ఇద్దరు పరిశోధకులు నేరాల్లో చిక్కుకున్న పిల్లల చిరునామాలను కొన్ని దశాబ్దాల పాటు పటం మీద గుర్తించుకుంటూ వచ్చి, 1942లో ఫలితాలు ప్రచురించారు. ఫ్యాక్టరీల పక్కన, పాడుబడిన ఇళ్లతో, ఎవరూ నిలకడగా ఉండని పేటల్లోనే కేసులు ఎక్కువగా కనిపించాయి. ఆ పేటల్లో మొదట జర్మనీ, ఐర్లండ్ దేశాల నుంచి వచ్చినవాళ్లు ఉండేవారు. వాళ్లు కాస్త నిలదొక్కుకుని మంచి పేటలకు తరలిపోతే ఇటలీ, పోలండ్ నుంచి వచ్చినవాళ్లు చేరారు. జనం పూర్తిగా మారిపోయినా ఆ పేటల్లో నేరాల స్థాయి మారలేదు. అక్కడి నుంచి తరలిపోయిన కుటుంబాల్లో మాత్రం నేరాలు తగ్గిపోయాయి. అంటే తప్పు మనుషుల రక్తంలో లేదు, వాళ్లను ఉంచిన చోటులో ఉంది. చోటును మనం బాగుచేసుకోగలం. ఆ నమ్మకంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు మా పేట గురించి చెప్పే అంకె సంగతి కూడా మాట్లాడుకోవాలి. లక్ష మంది జనాభాకు ఇన్ని కేసులు అని లెక్క కడతారు. మా పేటలో పెద్ద బస్సు స్టాపు ఉంది, దాని చుట్టూ దుకాణాలున్నాయి. రోజూ వచ్చిపోయేవాళ్లు మాకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. స్టాపులో ఎవరి జేబులోంచి ఫోను పోయినా అది మా లెక్కలోకే వస్తుంది. భాగించేటప్పుడు మాత్రం ఇక్కడ ఇళ్లున్న మమ్మల్నే లెక్కపెడతారు. అలా వచ్చిన అంకె మా ఇళ్ల మధ్య బతుకు ఎలా ఉందో చెప్పదు.

ఇంకో చిక్కు ఉంది. మీ పుస్తకంలో ఉండేది జరిగిన నేరాల లెక్క కాదు, నమోదైన నేరాల లెక్క. ఈ రెంటికీ మధ్య ఉన్న అగాధం తెలిసే అమెరికా 1973 నుంచి, ఇంగ్లండ్ 1982 నుంచి స్టేషను రికార్డులతో సంబంధం లేకుండా నేరుగా ఇళ్లకు వెళ్లి "మీకు ఏమైనా జరిగిందా?" అని అడిగే సర్వేలు చేస్తున్నాయి. జరిగినవాటిలో పెద్ద భాగం పోలీసుల దాకా రావడమే లేదని ఆ సర్వేలు ప్రతిసారీ చూపిస్తూనే ఉన్నాయి. ఫిర్యాదును ఓపికగా వినే స్టేషనులో కేసులు పెరిగినట్టు కనిపిస్తుంది, తిప్పి పంపే స్టేషనులో తగ్గినట్టు కనిపిస్తుంది. పై అధికారులను ఒక్కటే వేడుకుంటున్నాను. కేసుల సంఖ్య పెరిగిందని కింది ఉద్యోగిని నిలదీయకండి. ఆ నిలదీతకు భయపడే కొందరు మా కాగితాలు తీసుకోరు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా పేటలో నలభైకి పైగా వీధులున్నాయి. నేను ఇక్కడికి వచ్చి పంతొమ్మిదేళ్లయింది. ఈ పంతొమ్మిదేళ్లలో నేను విన్న, చూసిన, స్టేషనుకు తోడు వెళ్లిన ఘటనలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. మొన్న కూర్చుని అవి జరిగిన చోట్లను పటం మీద చుక్కలుగా పెట్టాను. సగానికి మించి నాలుగు చోట్ల పడ్డాయి. బస్సు స్టాపు నుంచి ఇళ్లలోకి వచ్చే పొడవాటి సందు, దాని చివర ఉన్న ఖాళీ స్థలం, ఎవరూ ఉండని పాత గోదాము, కాలువ పక్కన వెనక గోడలు తక్కువ ఎత్తులో ఉన్న ఇళ్ల వరుస. మిగిలిన వీధుల్లో పిల్లలు రాత్రి తొమ్మిది దాకా బయట ఆడుకుంటారు, ఎవరికీ భయం లేదు.

ఇది మా ఒక్క పేటలో వింత కాదు. అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో లారెన్స్ షెర్మన్ అనే పరిశోధకుడి బృందం ఒక ఏడాదిలో పోలీసులకు వచ్చిన ఫోన్లన్నీ చిరునామాల వారీగా విడదీసి 1989లో లెక్క చెప్పింది. సగం ఫోన్లు వచ్చింది నగరంలోని 3 శాతం చోట్ల నుంచే. తర్వాత డేవిడ్ వైస్‌బర్డ్, ఆయన సహచరులు అదే దేశంలోని సియాటిల్‌లో వీధి వీధినీ పరిశీలిస్తే నాలుగైదు శాతం వీధి భాగాల్లోనే సగం నేరాలు జరుగుతున్నాయని, ఏళ్లు గడిచినా ఆ నిష్పత్తి పెద్దగా మారడం లేదని తేలింది. చెడ్డదని పేరు పడిన పేటల్లో కూడా ఎక్కువ వీధులు ప్రశాంతంగానే ఉన్నాయి. పేట మొత్తానికి ఒకే రంగు పూస్తే రెండు నష్టాలు. ప్రశాంతంగా ఉన్న వీధులకు లేని మచ్చ అంటుతుంది, ప్రమాదమున్న మలుపు ఆ రంగులో కలిసిపోయి మీ కంటికి కనిపించకుండా పోతుంది.

ఆ సందు గురించి చెబుతాను, ఎందుకంటే రోజూ రెండుసార్లు నడుస్తాను. అందులో పదకొండు స్తంభాలున్నాయి. ఇది రాస్తున్న వారంలో వెలుగుతున్నవి నాలుగు. ఐదో స్తంభం నుంచి తొమ్మిదో స్తంభం దాకా మొత్తం చీకటి. ఏడో స్తంభానికి దీపం ఉంది కానీ ఒక చెట్టు కొమ్మ దాన్ని కప్పేసింది, వెలుగంతా ఆకుల మీదే పడుతుంది, కింద నేల కనిపించదు. మూత పోయిన తీగల పెట్టెకు ఎవరో పాత ప్లాస్టిక్ సంచి కట్టారు. ఆ ఐదు స్తంభాల దూరం నడవడానికి రెండు నిమిషాలు పడుతుంది. రాత్రి బస్సు దిగిన ఆడపిల్లలు స్టాపులోనే ఆగి, ఇంకో ఇద్దరు ముగ్గురు దిగేదాకా ఎదురుచూసి, గుంపుగా బయలుదేరతారు. నర్సు ఉద్యోగం చేసే ఒక అమ్మాయి చెప్పులు చేతిలో పట్టుకుని నడవడం చూశాను. ఎందుకమ్మా అంటే, "పరిగెత్తాల్సి వస్తే" అంది. ఈ సంగతి ఏ స్టేషను రికార్డులోనూ ఉండదు. ఆ అమ్మాయికి ఇంతవరకు ఏమీ జరగలేదు కాబట్టి లెక్క ప్రకారం ఆ సందు ఆమెకు సురక్షితమే!

దీపాలు వేస్తే నేరాలు తగ్గుతాయా అని మీరు అడగవచ్చు. న్యూయార్క్‌లో 2016లో సరిగ్గా ఇదే పరీక్షించారు. ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నింటిని చీటీలు తీసినట్టు ఎంచుకుని, అక్కడ మాత్రమే పెద్ద దీపాలు నిలబెట్టి, మిగిలిన సముదాయాలతో పోల్చి చూశారు. దీపాలు పెట్టినచోట రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు దాదాపు 36 శాతం తగ్గాయి. ఎవరినీ అరెస్టు చేయనక్కర్లేకుండా వచ్చిన తగ్గుదల అది. మా సందుకు పెద్ద దీపాలు అడగడం లేదు. ఉన్న స్తంభాలే వెలగాలి, ఆ కొమ్మ కొట్టేయాలి. కొమ్మ ఉద్యానవన విభాగానిది, దీపం విద్యుత్ విభాగానిది, చీకట్లో జరిగేది పోలీసు విభాగానిది. మేము మూడు కార్యాలయాలకు మూడు కాగితాలు ఇచ్చాం. మూడు చోట్లా తీసుకున్నారు. కొమ్మ అలాగే ఉంది.

ఖాళీ స్థలం కథ కూడా ఇంతే. మనిషి ఎత్తు తుప్పలు, పగిలిన సీసాలు, విరిగిన మంచాలు, కూలగొట్టిన ఇళ్ల రాళ్లు, ఇటుక ముక్కలు. దొంగిలించిన సంచుల్లోంచి డబ్బు తీసుకుని ఖాళీ సంచులు పారేసేది అక్కడే. పోయిన ఏడాది నా పక్కింటి అబ్బాయి బడి సంచి పుస్తకాలతో సహా ఆ తుప్పల్లోనే దొరికింది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో చార్లెస్ బ్రానస్ అనే పరిశోధకుడి బృందం 541 ఖాళీ స్థలాలను తీసుకుని, కొన్నింటిని శుభ్రం చేసి, నేల చదును చేసి, గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటి, చుట్టూ తక్కువ ఎత్తు చెక్క కంచె కట్టింది. మిగిలినవాటిలో కొన్నింటిలో చెత్త తీసి గడ్డి కోయించడం మాత్రం చేసి, మరికొన్నింటిని అలాగే వదిలేసింది. 2018లో ఫలితాలు వచ్చాయి. బాగా పేదరికంలో ఉన్న పేటల్లో శుభ్రం చేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. అక్కడివాళ్లు భయం తగ్గిందనీ, సాయంత్రాలు బయట కూర్చుంటున్నామనీ చెప్పారు. ఆ కంచె ఎవరినీ ఆపేది కాదు, ఎవరైనా దాటవచ్చు. ఈ స్థలాన్ని ఎవరో పట్టించుకుంటున్నారని మాత్రం చెబుతుంది.

ఇక్కడ ఒక భయం కూడా చెప్పాలి. 1982లో జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ అనే అమెరికా పరిశోధకులు పగిలిన కిటికీ పోలికతో ఒక వాదన రాశారు. ఒక కిటికీ పగిలి, బాగుచేయకుండా వదిలేస్తే మిగిలినవి కూడా పగులుతాయని. ఆ మాటలో నిజం ఉంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పరిశోధకులు అయిదు యూరోల నోటు కనిపించేలా ఒక కవరును తపాలా పెట్టెలోంచి సగం బయటికి పెట్టి చూశారు. పెట్టె శుభ్రంగా ఉన్నప్పుడు 13 శాతం మంది దాన్ని తీసుకుపోయారు. పెట్టె చుట్టూ చెత్త వేసి ఉన్నప్పుడు ఆ సంఖ్య 25 శాతానికి పెరిగింది. 2008లో ప్రచురించారు. కానీ ఈ వాదన పేరు చెప్పి చాలా నగరాల్లో కిటికీలు బాగుచేయడం మానేసి, వీధి మలుపులో నిలబడ్డ కుర్రాళ్లను పట్టుకుని జేబులు తడమడం మొదలుపెట్టారు. మా పేటలోనూ అది జరిగింది. ఇంట్లో ఇరుకు భరించలేక సాయంత్రం అరుగుల మీద కూర్చునే పిల్లలను వరుసగా నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు. అందులో ఒకడు మా వీధి చివరి ఇంటివాడు, ఇంటర్ పరీక్షలకు చదువుకుంటున్నాడు. ఆ రోజు నుంచి వాడు వీధిలో జరిగిన ఏ సంగతీ పోలీసులకు చెప్పడు. దొంగను చూసినా చెప్పడు. దయచేసి కిటికీ బాగుచేయండి, పిల్లవాడిని వదిలేయండి.

మొదట చెప్పిన పెద్దావిడ దగ్గరికి మళ్లీ వస్తాను. ఆవిడ ఇంట్లో దొంగలు పడటం అది రెండోసారి. మొదటిసారికీ రెండోసారికీ మధ్య పంతొమ్మిది రోజులు. మొదటిసారి వెనక తలుపు గడియ ఊడదీశారు. ఆవిడ కొత్త గడియ బిగించింది కానీ తలుపు చట్రం చెద పట్టి ఉంది, మరలు పిండిలో దిగినట్టు దిగాయి. రెండోసారి వచ్చినవాళ్లు ఒక్క తోపుతో లోపలికి వచ్చారు. ఏ గది ఎక్కడుందో వాళ్లకు తెలుసు. మొదటిసారి వదిలి వెళ్లిన వంట గ్యాసు సిలిండరును ఈసారి పట్టుకుపోయారు. చట్రంలో ఇప్పటికీ ఆ మరల రంధ్రాలు కనిపిస్తాయి. ఆవిడ వాటిలో పాత గుడ్డముక్కలు కుక్కి పెట్టుకుంది.

ఒకసారి దొంగలు పడిన ఇంట్లో కొద్ది వారాల్లోనే మళ్లీ పడే ప్రమాదం మామూలు ఇళ్లకంటే చాలా ఎక్కువని పోలీసు శాఖలకు ఎప్పటినుంచో తెలుసు. ఇంగ్లండ్‌లో రోచ్‌డేల్ పట్టణంలోని కర్క్‌హోల్ట్ అనే పేదల గృహ సముదాయంలో 1980ల రెండో సగంలో దీని మీదే పని చేశారు. పేట మొత్తాన్నీ కాపలా కాయడం మానేసి, దొంగలు పడిన ఇంటికే వెంటనే వెళ్లారు. గడియలు, తలుపులు ఆ ఇంటికి తగ్గట్టు బలపరిచారు. నాణేలు వేస్తే పనిచేసే గ్యాసు, కరెంటు మీటర్లు ఇళ్లలో ఉండేవి, దొంగలకు అవే డబ్బుపెట్టెలు. వాటిని తీసేయించారు. ఆ ఇంటి చుట్టూ ఉన్న అయిదారు ఇళ్లవాళ్లను కలిపి, కొన్ని వారాల పాటు ఆ ఒక్క ఇంటిని కనిపెట్టుకుని ఉండమన్నారు. మూడేళ్లలో ఇళ్ల దొంగతనాలు 75 శాతం తగ్గాయి. పెద్దావిడ ఇంట్లో మొదటిసారి దొంగలు పడిన మర్నాడు ఎవరైనా వచ్చి ఆ చట్రాన్ని ఒక్కసారి వేలితో నొక్కి చూసి ఉంటే చాలు. వడ్రంగిని పిలవమని చెప్పి, మా నాలుగిళ్లవాళ్లకు ఒక మాట చెప్పి వెళ్లి ఉంటే మేము రాత్రులు మేలుకుని ఉండేవాళ్లం.

గస్తీ పెంచండి అని మా పేటవాళ్లే మీకు ఎన్నోసార్లు రాశారు, నేను కూడా సంతకం పెట్టాను. ఇప్పుడు ఆ కోరికను సరిదిద్దుకుంటున్నాను. అమెరికాలోని కాన్సాస్ సిటీలో 1972, 1973లలో పదిహేను బీట్లను, అంటే గస్తీ ప్రాంతాలను, మూడు భాగాలు చేసి, ఒకచోట వాహన గస్తీ ఎత్తేశారు, ఒకచోట మామూలుగా ఉంచారు, ఒకచోట రెండు మూడు రెట్లు చేశారు. ఏడాది తర్వాత నేరాల్లో, జనం భయంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. జీపు పేటంతా ఒక చుట్టు చుట్టి వెళ్లిపోవడం వల్ల మాకు ఒరిగేది తక్కువ. ఆ నాలుగు చోట్ల మాత్రం ఒక కానిస్టేబులు వాహనం దిగి, పది పదిహేను నిమిషాలు నిలబడి, నలుగురితో మాట్లాడి వెళ్తే ఫలితం ఉంటుందని ఆ తర్వాతి పరిశోధనలు చూపించాయి. అక్కడ పట్టు బిగిస్తే దొంగలు పక్క వీధికి మారతారు కదా అనేవారికి అమెరికాలోని జెర్సీ సిటీ మీద 2006లో వైస్‌బర్డ్ బృందం ప్రచురించిన అధ్యయనమే జవాబు. నేరాలు పక్క వీధులకు తరలిపోలేదు, ఆ వీధులకూ మేలే జరిగింది.

మా బాధ్యత గురించి కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. రాబర్ట్ శాంప్సన్, స్టీఫెన్ రాడెన్‌బుష్, ఫెల్టన్ ఎర్ల్స్ అనే పరిశోధకులు షికాగోలో 343 పేటల్లో 8,782 మందిని కలిసి, 1997లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు అడిగిన ప్రశ్నలు చాలా మామూలువి. పిల్లలు బడి ఎగ్గొట్టి మలుపులో నిలబడితే మీ పక్కింటివాళ్లు అడుగుతారా? మీ ఇంటి ముందు కొట్లాట జరిగితే ఎవరైనా అడ్డుపడతారా? దగ్గర్లోని అగ్నిమాపక కేంద్రాన్ని మూసేస్తామంటే అందరూ కలిసి వెళ్లి అడుగుతారా? అడుగుతారు అని జవాబు వచ్చిన పేటల్లో, ఎంత పేదరికం ఉన్నా, హింస తక్కువగా ఉంది. అదే మా పేటలో అడిగితే పైకి చెప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంటుంది. పెద్దావిడ ఇంట్లో రెండోసారి తలుపు విరిగిన చప్పుడు నేను విన్నాను. మంచం మీదే పడుకుని, గాలికి ఏదో పడి ఉంటుందనుకున్నాను. అనుకున్నాను అని రాయడం కూడా తప్పే. అలా అనుకుని మళ్లీ నిద్రపోవాలని కోరుకున్నాను.

ఇప్పుడు మా వీధిలో పదహారు ఇళ్లవాళ్లం ఒకరి ఫోను నంబరు ఒకరం రాసుకున్నాం. అద్దెకున్నవాళ్లను కూడా కలుపుకున్నాం, ఇంతకు ముందు వాళ్లను పిలిచేవాళ్లం కాదు. ఏ ఇంట్లో చప్పుడైనా నాలుగు ఇళ్లలో దీపాలు వెలగాలని మాట అనుకున్నాం. ఆవిడ తలుపు చట్రం మార్పించడానికి చందాలు వేసుకున్నాం, వడ్రంగి వచ్చే వారం వస్తాడు. తుప్పలు కొట్టడానికి మా మనుషులం వస్తాం. స్థలం ఎవరిదో తేల్చి, అనుమతి కాగితం ఇవ్వవలసింది మీరు. చెత్త ఎత్తుకుపోయే బండి పంపవలసింది మీరు. ఏ వీధిలో ఏ నెలలో ఏ రకం నేరం జరిగిందో, బాధితుల పేర్లు, ఇంటి నంబర్లు లేకుండా, మా సమావేశానికి నెలకొకసారి అందించవలసింది కూడా మీరే. పేట మొత్తానికి ఒక అంకె ఇక మాకొద్దు.

నా నోటు పుస్తకం, చుక్కలు పెట్టిన పటం మీకు ఇస్తాను. తప్పులుంటే మీ రికార్డులతో సరిచూసి దిద్దండి. అందుకోసం మీ కార్యాలయానికి రమ్మంటే వస్తాను, కానీ ముందు మీరు ఒకసారి ఇటు రండి. పోలీసు స్టేషను నుంచి ఒకరు, దీపాలు చూసేవారు ఒకరు, చెట్లు చూసేవారు ఒకరు, ముగ్గురూ ఒకే రోజు. పగలు వద్దు. రాత్రి తొమ్మిదింటి బస్సు వచ్చే వేళకు స్టాపులో నిలబడదాం. నర్సు అమ్మాయి ఆ బస్సులోనే దిగుతుంది. ఆమెతో పాటు మొదటి స్తంభం నుంచి పదకొండో స్తంభం దాకా నడుద్దాం. సందు దాటాక పెద్దావిడ ఇల్లు మూడోది. ఆవిడ మీకోసం మేలుకునే ఉంటుంది, ఆ ప్రశ్న మిమ్మల్నే అడుగుతుంది.

ఇట్లు,
మీ పరిధిలోని ఒక వీధి నివాసి